తంగేడు పట్ట – తోలు మర్మము



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల చెలకగట్లపై తంగేడు మనకు చిరపరిచితము. దాని పూవు బతుకమ్మకెక్కును. 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పమైనది. దాని పట్ట లందగోళెములో నాని, తోలును మోటబొక్కెనగను, చెప్పులుగను నిలిపినది. పూవునకు మ్రొక్కిన మనము, పట్టను దంచిన చేతులను ఊరివెలుపల నుంచితిమి. ఆ చేతుల యెఱుక యెట్టిదో విచారింతము.

పచ్చితోలు నానిన కుళ్లును. ఎండిన కఱ్ఱవలె బిగియును. నీటిలో కాచిన కరగి బంకయగును. శుద్ధిచేసిన ఆ బంకయే జెలటిన్. మాదిగ పెద్దలు తోలును సున్నపునీట నానవేసి, వెండ్రుకలు తీసి, తంగేడు పట్ట కషాయమున దినములకొలది ఉంచి, కరక్కాయ పట్టించెడివారు. అంతట తోలు కుళ్లదు, మెత్తదనమును విడువదు. డప్పునకు మాత్రము వగరు పట్టింపని తోలునే మూసెడివారు; సెగకు బిగిసి మ్రోగుట దాని గుణము.

వగరు తోలును పట్టుకొను విధమును ఇంగ్లండున హంఫ్రీ డేవీ పరిశీలించి 1803లో ప్రకటించెను. జెలటిన్ నీటిలో పట్టల కషాయము కలుపగా రెండును కూడి మడ్డిగ పేరుకొనును; ఆ మడ్డిని బట్టి వగరును లెక్కించెను. మనదేశపు కాచును గూడ అతడు పరీక్షించెను.

లోహలవణముల రీతి వేఱు. పటికలో అల్యూమినియము కలదు. అదియు, క్రోమియమును నీట ధనవిద్యుత్తు గల సూక్ష్మకణములగును. తోలుపోగులపై ఋణవిద్యుత్తు గల తావులు కలవు. ఆ కణములు అచ్చట అంటి, మోపునకు త్రాడువలె పోగులను కట్టివేయును. అందుచే జెలటిన్ గట్టిపడును, వేడికి సులభముగ కరగదు. పూర్వము ఫోటోపలకల జెలటిన్ పూతను పటికతో గట్టిపఱచుట ఇందుకే. పటిక కట్టు నీట కడిగిన సడలును. క్రోమియపు కట్టు సడలదు. పచ్చితోలు సుమారు 60, 65 డిగ్రీల వేడినీట ముడుచుకొనగా, క్రోము తోలు మరుగునీటికి సైతము నిలుచును.

1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ ఈ పద్ధతికి పేటెంటు పొందెను. 20వ శతాబ్ది ఆరంభమున ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ దానిని మదరాసునకు తెచ్చెను. అచ్చటనే 1948లో కేంద్ర చర్మపరిశోధనాలయము వెలసెను. గుంటూరుసీమవాడగు యలవర్తి నాయుడమ్మగారు దానికి అధిపతియై కీర్తిగాంచిరి. 1954లో ఆ నగరముననే రామచంద్రన్, కర్తా పండితులు తోలుపోగు మూడుపేటల పురియని చూపిరి.

కాని తోలుశాలల మురుగు పాలారు నీటిని చెఱచెను; 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చెను. శీఘ్రముగ పనియగుటయే మేలు కాదు. లంద పని నెఱిగిన వృద్ధులు మీ యూళ్లలో నున్నచో, వారి మాటలను గౌరవముతో వ్రాసియుంచుడు. అదియు శాస్త్రమే.