హష్మత్ జంగ్ పిల్లలు

మజహబులు వేరైన మియా బీబీల మధ్య ఝగడా దేనికొస్తుందంటే మనవాళ్లు ఖానా, కపడా, పండగలు అని టక్కున చెప్పేస్తారు. తారీఖ్ చదివేకొద్దీ నాకు వేరేగా అనిపిస్తోంది. ఖానాకీ కపడాకీ మొహబ్బత్ సర్దుకుపోతుంది. పిల్లలు ఎవరి పిల్లలుగా పెరగాలన్న దగ్గరే అది తడబడుతుంది. మిసాల్ కోసం దూరం పోనక్కర్లేదు, మన హైదరాబాదులోనే ఉంది.

జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టాడు. 1798 నుంచి 1805 దాకా నిజాం దర్బారులో ఇంగ్లీషు రెసిడెంటు. ఫార్సీ వచ్చు, మీసాలు పెంచాడు, వేళ్లకు మెహందీ పెట్టుకునేవాడు. నిజాం ఇచ్చిన ఖితాబ్ హష్మత్ జంగ్. ఆయన మనసు పడింది ఖైరున్నిసా మీద. ఇరాన్‌లోని షుష్తర్ నుంచి వచ్చిన సయ్యద్ ఖాందాన్ పిల్ల, అప్పటికే వేరే చోట మంగ్నీ అయ్యింది. నానా బాఖర్ అలీ ఖాన్‌కు ఈ రిష్తా ససేమిరా ఇష్టం లేదు. అమ్మ షర్ఫున్నిసా, నానీమా మాత్రం పిల్ల పక్కన నిలబడ్డారు. మన ఇళ్లలో ఇలాంటివి ఎప్పుడూ జనానాలోనే తేలతాయి కదా!

ముస్లిం ఆడపిల్లకు గైర్ ముస్లింతో నికా కుదరదు. కాబట్టి సాహెబ్ కల్మా చదివాడు, షియా పద్ధతిలో నికా అయ్యింది. కానీ గుట్టుగా. నికాకు ఏలాన్ కావాలని మన బుజుర్గులు ఊరికే అన్లేదు. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ దీనిమీద విచారణ పెట్టించాడు, నౌకరీయే పోయేంత పనైంది. ఇంగ్లీషు కానూన్ ముందు ఈ నికాకు విలువే లేదు. కిర్క్‌ప్యాట్రిక్ తన వసీయత్‌లో కూడా బిడ్డలను కానూన్ బయట పుట్టినవాళ్లుగానే రాశాడు. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది ఆ ఒక్క మాటే.

ఇంట్లో మాత్రం కాపురం బాగానే సాగింది. కోఠి విమెన్స్ కాలేజీగా మనకు తెలిసిన భవనం ఆయన కట్టించిందే. దాని వెనక బేగం కోసం రంగ్ మహల్ కట్టించాడు. పర్దాలో ఉన్న ఆమె చూసుకోవడానికి ఆ భవనానికే బుల్లి నమూనా తయారు చేయించాడని చెప్పుకుంటారు.

1801లో కొడుకు సాహెబ్ ఆలం, 1802లో కూతురు సాహెబ్ బేగం పుట్టారు. తల్లిదండ్రుల్లో ఒకరు హిందుస్తానీ అయితే ఆ బిడ్డలకు కంపెనీ నౌకరీలు లేవని 1791లోనే హుకుం వచ్చింది. ఇక్కడుంటే వీళ్లకు దారి లేదని బాప్ లెక్క. బిడ్డల్ని సముద్రం దాటించడం అమ్మకూ నానీకీ సుతరామూ ఇష్టం లేదు. ఇద్దరి మాటా న్యాయమే, గెలిచింది మాత్రం బాప్ మాట.

1805లో పిల్లల్ని విలాయత్ పంపారు. పోయే ముందు మద్రాసులో చిన్నరీ అనే ముసవ్విర్ వాళ్ల తస్వీర్ గీశాడు, ఇద్దరూ హైదరాబాదీ లిబాసులోనే ఉన్నారు. అదే ఏడు అక్టోబరులో కిర్క్‌ప్యాట్రిక్ కలకత్తాలో ఇంతెఖాల్ అయ్యాడు. 1806లో లండన్‌లో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి విలియం, కేథరిన్ అని పేర్లు మార్చారు. ఖైరున్నిసా 1813లో పోయింది. బిడ్డల మొహం మళ్లీ చూడనేలేదు.

కూతురు కిట్టీ పెద్దదై ఇంగ్లండులోనే పెళ్లి చేసుకుంది. 1841లో, అంటే 36 ఏళ్ల తర్వాత, హైదరాబాదులో బతికున్న నానీ షర్ఫున్నిసాకు ఖత్ రాసింది. విడిపోయిన రోజు అమ్మ జుట్టు పీక్కుంటూ ఏడ్చింది తనకింకా యాదుందని అందులో రాసింది. నానీ జవాబు ఫార్సీలో రాయించి, ఖైరున్నిసా జుట్టు పాయ ఒకటి జోడించి పంపింది. నవాసీకి ఆ జబాన్ రాదు, నానీకి ఇంగ్లీషు రాదు. 1847లో నానీ పోయేదాకా ఆ ఖతులు తర్జుమాలోనే నడిచాయి.