లీటరుకెంత? దొరల కార్లు నేర్పిన లెక్క

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి సెల్టోస్ కార్లు తయారు చేస్తోంది. అక్కడికి అంత దూరం కాని అగళిలో ఎవరు కారు కొనబోయినా, ధర తేలాక వచ్చే ప్రశ్న ఒకటే: మైలేజీ ఎంతిస్తుంది? ఇది పెట్రోలు ఖర్చు చూసుకోక తప్పనివాళ్ల ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ వందేళ్ల కిందట ఈ లెక్కను గొప్పగా చాటుకున్నవి, పెట్రోలు ధర అడగాల్సిన అవసరమే లేని దొరల కార్లు. అప్పట్లో మైలేజీ పొదుపు లెక్క కాదు, ఇంజను పనితనానికి సాక్ష్యం.

1907లో రోల్స్ రాయిస్ తన ఆరు సిలిండర్ల కారును, తర్వాత సిల్వర్ గోస్ట్‌గా పేరుపడ్డ దాన్ని, లండన్, గ్లాస్గోల మధ్య రాత్రింబగళ్లు తిప్పింది. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకులు లెక్క రాసుకున్నారు. 629 మైళ్ల దగ్గర అదురుకు పెట్రోలు కుళాయి దానంతటదే మూసుకుపోయి బండి ఆగింది. ఆ తర్వాత 14,371 మైళ్లు, అంటే 23 వేల కిలోమీటర్లకు పైగా, చెడిపోయి ఆగింది లేదు. చివర్లో ఇంజను విప్పి చూస్తే, అరిగిన భాగాలు మార్చి కారును మళ్లీ కొత్తదాని స్థితికి తేవడానికి అయిన ఖర్చు రెండు పౌన్ల రెండు షిల్లింగుల ఏడు పెన్నీలు. మన దేశంలోనూ 1908లో బొంబాయి-కొల్హాపూర్ మోటారు పరీక్షలో ఇదే రకం కారు ఘాట్ రోడ్లెక్కి గెలిచింది.

ఇదంతా ప్రచారార్భాటమే కదా అని ఎవరైనా అనవచ్చు. ప్రచారమే, సందేహం లేదు. అయితే పోటీదారు కూడా అదే కొలబద్దకు ఒప్పుకున్నాక ప్రచారం పరీక్ష అవుతుంది. లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా టాప్ గేర్‌లోనే వెళ్లిన పోటీ కంపెనీ నేపియర్ కారు గ్యాలన్‌కు 19.35 మైళ్లు ఇచ్చింది. 1911లో రోల్స్ రాయిస్ అదే దారిలో, అదే షరతు మీద 24.32 మైళ్లు చూపించింది, అంటే లీటరుకు దాదాపు 8.6 కిలోమీటర్లు. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద వేగం కూడా చూశారు: నేపియర్ గంటకు 76.42 మైళ్లు, రోల్స్ రాయిస్ 78.26. పెట్రోలు మిగల్చడానికి ఇంజను ఊపిరి నొక్కితే వేగంలో దొరికిపోతారు, వేగం కోసం ఎక్కువ పోస్తే మైలేజీలో దొరికిపోతారు. రెండంకెలూ పక్కపక్కన ఉంటేనే రెండూ నమ్మదగ్గవి.

కొన్నవాళ్లకు ఇవన్నీ ఎందుకు అన్నది మరో ప్రశ్న. హైదరాబాదు నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపుపచ్చ సిల్వర్ గోస్ట్, ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూపించేది, దశాబ్దాలు గడిచాక కూడా తిరిగింది 356 మైళ్లే. ఆ కారుకు మైలేజీ నిజంగానే అక్కర్లేదు. కానీ గేరు మార్చకుండా ఊళ్లో నెమ్మదిగానూ, బయట వేగంగానూ సాగే ఇంజను, అందులోనూ పెట్రోలు వృథా చేయని కార్బొరేటర్, సాఫీ ప్రయాణానికి పూచీ. దొర కొన్నది ఆ పూచీనే.

ఇప్పుడు మైలేజీ కొలత ప్రయోగశాలలోకి చేరింది. కంపెనీలు ప్రకటించే మైలేజీ రోలర్ల మీద, ఏసీ ఆపి, ఇరవై నిమిషాలలోపు నడిపి తేల్చింది. అందులో వేగం 90 కిలోమీటర్లు దాటదు. అన్ని కార్లనూ ఒకే షరతులతో పోల్చడానికి అది న్యాయమైన పద్ధతే. అగళి నుంచి మడకశిరకు నిండు కుటుంబంతో, ఏసీ వేసుకుని వెళ్లేవారికి అదే అంకె రావాలని మాత్రం ఆశించకూడదు. కాబట్టి షోరూములో మైలేజీ ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. రోలర్ల మీదా రోడ్డు మీదా, ఎంత వేగంతో, ఎవరి ఎదుట కొలిచారో కూడా అడగండి. కొన్నాక ట్యాంకు నిండా పట్టించి, తిరిగి, మళ్లీ నిండా పట్టించి మీరే లెక్క వేసుకోండి. మీ బండికి సరైన అంకె అదే.