త్సావో జాతీయోద్యానం

తూర్పు ఆఫ్రికాలో, కెన్యా ఆగ్నేయ భాగాన, నైరోబీ–మొంబాసా రైలుమార్గానికి ఇరువైపులా విస్తరించిన సవన్నా అభయారణ్యం. 1948లో ఏర్పడింది. పాలనా సౌలభ్యం కోసం తూర్పు త్సావో, పశ్చిమ త్సావోలుగా విభజించారు. రెండూ కలిపి విస్తీర్ణం దాదాపు 22,000 చదరపు కిలోమీటర్లు.

నైసర్గిక స్థితి: తూర్పు భాగం ముళ్లపొదలతో నిండిన మెట్టనేల. అక్కడి ఎర్రమట్టిని ఒంటినిండా చల్లుకోవడం వల్ల త్సావో ఏనుగులకు ‘ఎర్ర ఏనుగులు’ అన్న పేరు వచ్చింది. పశ్చిమాన చ్యులు కొండల లావా రాళ్లలో ఇంకిన వాన నీరు మ్జిమా ఊటలుగా పైకి ఉబుకుతుంది. మొంబాసా నగరానికి తాగునీరు ఇక్కడి నుంచీ వెళ్తుంది.

నరభక్షక సింహాలు: 1898లో రైలు వంతెన కడుతున్న కూలీలను రెండు సింహాలు పొట్టన పెట్టుకున్నాయి. వాటిని చంపిన ఇంజనీరు జె.హెచ్. ప్యాటర్సన్ మృతులు 135 మంది అని తరవాత రాశాడు. రైల్వే లెక్కలో భారతీయ కూలీలు 28 మందే. సింహాల ఎముకలను, వెంట్రుకలను రసాయనికంగా పరీక్షించిన పరిశోధకులు 2009లో సుమారు 35 మంది అని అంచనా కట్టారు. ఆఫ్రికన్ కూలీల మరణాలు రైల్వే లెక్కకు ఎక్కలేదు కనుక ఈ అంచనాయే నిజానికి దగ్గరగా తోస్తుంది.

ఏనుగుల వివాదం: 1960ల చివర త్సావో ప్రాంతంలో 35,000కు పైగా ఏనుగులు ఉండేవని అంచనా. అవి చెట్ల బెరడు ఒలిచి, బవోబాబ్ మానులను సైతం తొలిచివేయడంతో (గోల్కొండ నయాఖిల్లాలోని మహావృక్షం ఈ జాతిదే) పొదల అడవి పలచబడి గడ్డి పెరిగింది. కొన్ని వేల ఏనుగులను చంపి మందలను తగ్గించాలని జీవశాస్త్రవేత్త రిచర్డ్ లాస్ ప్రతిపాదించాడు. ప్రకృతి తానే సర్దుకుంటుందని తూర్పు త్సావో వార్డెన్ డేవిడ్ షెల్డ్రిక్ వాదించాడు. షెల్డ్రిక్ మాటే నెగ్గింది.

తరవాత 1970–71 కరువు వచ్చింది. చనిపోయిన ఏనుగులు 6,000 అని ఎక్కువమంది రాశారు. 9,000 అన్నవారూ ఉన్నారు. నీటి తావుల చుట్టూ మేత అయిపోయింది. పిల్లలను వదిలి దూరం వెళ్లలేని తల్లి ఏనుగులు దాహంతో కాక ఆకలితోనే ఎక్కువగా కూలిపోయాయి.

1988 నాటికి త్సావో ఏనుగులు బాగా తగ్గిపోవడానికి కరువునే ప్రధాన కారణంగా చెప్పేవారున్నారు. అంకెలు మాత్రం దంతాల వేట వైపే వేలెత్తి చూపుతాయి. కెన్యా 1977లో వేటను నిషేధించినా దొంగవేట ఆగలేదు. 1988 లెక్కలో మిగిలినవి సుమారు 5,400. ఖడ్గమృగాల గతీ ఇంతే. 1960లలో వేలల్లో ఉన్న నల్ల ఖడ్గమృగాల్లో కొద్దిపాటివే మిగలగా, వాటి కోసం 1986లో ఎన్గులియాలో కంచె వేసిన రక్షితస్థలం నెలకొల్పారు.

సఫారీ: జంతువులను వాహనంలోంచే చూడాలి, అనుమతించిన చోట్ల తప్ప దిగకూడదు. మ్జిమా వద్ద నీటి అడుగున కట్టిన గది కిటికీలోంచి చేపలు, ఒక్కొక్కప్పుడు నీటి గుర్రాలు కనిపిస్తాయి.

ప్రస్తుత స్థితి: 1989లో అంతర్జాతీయ దంత వ్యాపారం నిషేధించాక మందలు మళ్లీ పెరిగాయి. 2021 గణనలో త్సావో ప్రాంతపు ఏనుగులు దాదాపు 15,000. కరువు తీసిన ప్రాణాలను అడవి తిరిగి నింపుకోగలదు. దంతాల వేట విచ్చలవిడిగా సాగినంత కాలం అది సాధ్యం కాదని త్సావో చరిత్ర సూచిస్తోంది.