విశ్వవిద్యాలయములు – ఉత్తరాంధ్ర జనభాషలు: ఒక చారిత్రక పరిశీలనము

విశ్వవిద్యాలయము తన చుట్టునుగల ప్రాంతమునకు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు సాధారణముగా వచ్చు సమాధానము విద్య నొసగవలెననియు, పట్టభద్రులను తయారు చేయవలెననియు. ఇది తప్పు కాదు. కాని సగము మాత్రమే. ఇందు విశ్వవిద్యాలయము దాత, ప్రాంతీయజనము ప్రతిగ్రహీత. ఆ జనమునుండి విశ్వవిద్యాలయము నేర్చుకొనదగినది ఏమైన కలదా యను రెండవ ప్రశ్న మరుగుపడుచున్నది. శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల విద్యాచరిత్రను పరిశీలించినచో, ఈ రెండవ ప్రశ్నను మొదట వేసినవారు విశ్వవిద్యాలయాధికారులు కారనియు, ఇచటి ఉపాధ్యాయులే యనియు తెలియును.

మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో స్థాపింపబడినది. ఆ సంవత్సరముననే విజయనగర సంస్థానాధీశులు తమ పట్టణమున ఆంగ్ల పాఠశాలను నెలకొల్పిరి. అది 1879 నాటికి మహారాజా కళాశాల యయ్యెను. ఆ కాలమున మద్రాసు విశ్వవిద్యాలయము ప్రధానముగా పరీక్షలు జరిపి పట్టములిచ్చు సంస్థ. పాఠ్యనిర్ణయము మద్రాసులో, బోధన విజయనగరములో. నిర్ణయించువారు బోధించువారిని ఎరుగరు. బోధింపబడువారిని అసలే ఎరుగరు. ఈ దూరమును అనుభవముచే గుర్తించినవారిలో ముఖ్యులు విజయనగరమున సహాధ్యాయులుగా చదివిన ఇరువురు: గురజాడ అప్పారావు (1862–1915), గిడుగు వేంకట రామమూర్తి (1863–1940).

రామమూర్తి పంతులు శ్రీకాకుళ సమీపమునగల పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. పర్లాకిమిడి నాడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. పరిసరారణ్యములలో నివసించు సవరల భాషకు అక్షరాభ్యాసపు పుస్తకము లేదు. సవర పిల్లలకు బడి లేదు. ఆయన ఆ భాష తెలిసినవారిని చేరదీసి, వారివద్ద శిష్యుడై నేర్చుకొనెను. పిదప ఆ భాషలో వాచకములు వ్రాసి, పాటలు, కథలు సేకరించి, బడులు పెట్టించెను. ఈ కృషికి ప్రభుత్వము ధనపారితోషికము నీయబూనగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరెను. ఆయన రచించిన సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడెను. సవర ద్రావిడభాష కాదు. సంతాలీ, ముండారీ భాషలతో కూడిన ముండా కుటుంబమునకు చెందినది. తెలుగు వ్యాకరణ సంస్కారముతో దానిని సాధించుట సాధ్యము కాదు. చెవితో విని, వినినదానిని క్రమపరచుటయే మార్గము.

ఏ విశ్వవిద్యాలయశాఖయు ఆయనను ఈ పనికి పంపలేదు. అయినను పరిశోధనకు ఉండవలసిన పూర్ణరూపము ఇందు కానవచ్చుచున్నది. సవరల నోటినుండి గ్రహించిన భాష వ్యాకరణమయ్యెను. వాచకమై మరల సవర పిల్లల చేతికి చేరెను. గ్రహణము, శాస్త్రీకరణము, ప్రత్యర్పణము అను మూడును ఉన్నప్పుడే ప్రాంతమునకును పరిశోధనకును సంబంధము నెరవేరును. మూడవది లోపించినచో అది కేవలము సేకరణ.

వ్రాతలేని భాషకును నియమములున్నవని గ్రహించిన చెవి, తెలుగు వాడుకమాటలో నియమము లేదనువాదమును అంగీకరింపలేదు. పాఠశాలల పరీక్షాధికారి జె. ఎ. యేట్సు, విశాఖపట్టణమున ఎ.వి.ఎన్. కళాశాలాధ్యక్షుడు పి. టి. శ్రీనివాస అయ్యంగారు కూడ తెలుగు బోధనలో నోటిమాటకును వ్రాతకును గల అంతరమును ప్రశ్నించిరి. ఈ నలువురి ఆలోచనలనుండి వ్యావహారిక భాషోద్యమము పుట్టినది. ఇది ఉత్తరకోస్తా తరగతిగదులలో పుట్టిన ఉద్యమమని గమనింపదగును.

విద్యార్థులు పరీక్షలలో స్వతంత్రవ్యాసరచన చేయవలసి వచ్చినప్పుడు, ఏ తెలుగులో వ్రాయవలెనను ప్రశ్న తీవ్రమాయెను. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి గ్రాంథికపక్షమునకు బలము చేకూర్చెను. 1913లో జయంతి రామయ్య పంతులు గ్రాంథిక సమర్థనమును, రామమూర్తి పంతులు ఆధునికాంధ్రమును గూర్చిన విజ్ఞాపనమును ఆంగ్లమున ప్రకటించిరి. రామయ్య పంతులుగారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. జిల్లాకొక విధముగా మాటాడు జాతికి సమానమైన వ్రాతభాష ఒకటి ఉండవలెననుట, ఐక్యతను కోరిన వాదమే. కాని ఆ సమానభాష పండితులకే పట్టుబడనిదైనచో, దాని భారము ఎవరిపై పడును? ఇంటిలో చదువు లేని కుటుంబమునుండి మొదటిసారి బడికి వచ్చిన బాలునిపై పడును. వానికి తెలిసిన విషయము కూడ తెలియని భాషలో చెప్పవలసి వచ్చి తప్పగును.

1914లో విశ్వవిద్యాలయము ఏర్పరచిన వ్యాసరచనా సంఘమున అధికసంఖ్యాకులు గ్రాంథికము వైపు నిలిచిరి. అప్పారావుగారు తమ విస్తృతమైన అసమ్మతి పత్రమును సమర్పించిరి. నిర్ణయము వారికి అనుకూలము కాలేదు. మరుసటి సంవత్సరమే ఆయన దివంగతుడయ్యెను. కాని ఆ పత్రము నిలిచినది. విశ్వవిద్యాలయముతో ప్రాంతము జరిపిన సంవాదమునకు మన భాషలో ఇంతటి సాక్ష్యపత్రము అరుదు. విద్వత్పత్రికలు ఆపైన చిరకాలము గ్రాంథికచ్ఛాయను విడువలేదనుటకు ఈ వ్యాసపు నడకయే నిదర్శనము.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. కట్టమంచి రామలింగారెడ్డి ప్రథమోపాధ్యక్షుడు. మొదట బెజవాడలోనుండి, పిదప వాల్తేరునకు తరలినది. దూరము తగ్గినది, జయపురాధీశుడు విక్రమదేవవర్మ వంటివారి వితరణచే ప్రాంతీయ ధనము విద్యకు చేరినది. 1938లో ఈ విశ్వవిద్యాలయము రామమూర్తి పంతులను కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. వ్యక్తిని సత్కరించుట వేరు, ఆయన పద్ధతిని స్వీకరించుట వేరు.

పద్ధతిని స్వీకరించుట తరువాతి తరమున జరిగినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున అధ్యాపకత్వము నెరపిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశపు ప్రథమసంపుటమును వ్యవసాయపదములతో ప్రకటించెను. పదములు కావ్యములనుండి కాక రైతుల నోటినుండి గ్రహింపబడినవి. నాగలి భాగముల పేర్లలో రైతే ప్రమాణము, పండితుడు శ్రోత. ఆయనయే కొండభాషను గూర్చిన వ్యాకరణమును 1969లో వెలువరించెను. పర్లాకిమిడిలో ఒక ఉపాధ్యాయుడు ఒంటరిగా ఆరంభించిన మార్గము ఇట్లు విద్యాసంస్థల శాస్త్రమార్గమయ్యెను.

ఇప్పుడు సంస్థలు ఈ ప్రాంతమునకే వచ్చినవి. 1977లో ఎచ్చెర్లలో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయ స్నాతకోత్తర కేంద్రము 2008లో డాక్టరు బి. ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమయ్యెను. 2019లో విజయనగరమున కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ప్రారంభమయ్యెను. 2022లో విజయనగరపు సాంకేతిక విశ్వవిద్యాలయము గురజాడ పేరు ధరించెను. చిరకాలము మద్రాసువైపును, వాల్తేరువైపును చూచిన ప్రాంతమునకు ఇది గొప్ప మార్పు.

అయినను సామీప్యము సంబంధము కాదు. మద్రాసు నియమమును ఎచ్చెర్లలో వినిపించినంతమాత్రమున అది ఎచ్చెర్ల విద్య కాజాలదు. సీతంపేట, పార్వతీపురము, సాలూరు కొండలలో సవర, కువి మొదలగు భాషలు నేటికిని వినబడుచున్నవి. ఆ కొండలనుండి ఒక సవర బాలిక విశ్వవిద్యాలయమునకు వచ్చినప్పుడు, ఆమె భాష ఆమె విడువవలసిన లోపమా, సంస్థ నేర్చుకొనవలసిన విద్యయా? ఈ ప్రశ్నకు భవనములు సమాధానము చెప్పజాలవు. పరిశోధకుడు గ్రామమున శిష్యుడై కూర్చుండుట, భాష చెప్పినవారి పేరును గ్రంథమున నిలుపుట, గ్రహించినదానిని వాచకముగా, వైద్యసూచనగా, వ్యవసాయసలహాగా ఆ భాషలోనే తిరిగి ఇచ్చుట సమాధానము చెప్పును.

అప్పారావుగారి అసమ్మతి పత్రము ఒక పరీక్షానియమమును గూర్చినదే యైనను, దాని వెనుకనున్న ప్రశ్న విశ్వవిద్యాలయము ఎవరి మాట వినవలెనన్నది. ఆ ప్రశ్నను ఎదుర్కొనిన విశ్వవిద్యాలయము ప్రాంతమునకు చెందును. ఎదుర్కొననిది ప్రాంతములో ఉండును. ఈ భేదమును మన శాఖలు విస్మరింపరాదు.