ఎవరికి వస్తుంది ఈ పొక్కుల జబ్బు?



పుత్తూరు, నగరి వైపు నుంచి రైల్లో మద్రాసు వెళ్లేవారికి పెరంబూరు తెలిసిన ఊరే. 1996లో మూతపడిన బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లులోనూ, 1955లో మొదలైన రైలు పెట్టెల ఫ్యాక్టరీలోనూ పనికోసం వచ్చి అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో చాలా ఏళ్ల కిందట చూసిన సంగతితో మొదలుపెడతాను.

ఆ ఇల్లాలికి నలభై ఏళ్లుంటాయి. నోట్లో పుళ్లు లేచాయి. మజ్జిగన్నం కూడా మింగలేకపోయేది. నోటిపూత అనుకొని నెలల తరబడి బి-కాంప్లెక్సు మాత్రలు మింగించారు. తర్వాత వీపు మీద, రొమ్ము మీద నీటిపొక్కులు వచ్చాయి. పట్టుకుంటే చిట్లిపోయేవి, చిట్లినచోట పచ్చిపుండు పడేది. మనం సర్పి అంటాం, అక్కడి తమిళులు అక్కి అంటారు. అదేనని కుమ్మరి చేత కావిమన్నుతో రాయించారు. తగ్గలేదు. ఆఖరికి ఆమె పళ్లెం, గ్లాసు వేరుచేసి వసారాలో పెట్టారు.

అది సర్పి కాదు, అమ్మవారూ కాదు. దాని పేరు పెంఫిగస్. గ్రీకు భాషలో పొక్కు అని అర్థం. 1791లో జర్మనీ వైద్యుడు విక్‌మన్ దీన్ని వివరంగా రాశాడు. అయినా ఆ తర్వాత నూటయాభై ఏళ్ల పాటు వైద్యులు పొక్కుల జబ్బులు చాలావాటిని ఒకే గాటన కట్టేవారు. జబ్బేదో తేలకుండా, అది ఎవరికి వస్తుందో ఎలా తేలుతుంది?

1943లో పారిస్‌లో సివాట్ అనే వైద్యుడు ఈ పొక్కును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, చర్మకణాలు ఒకదాన్నొకటి వదిలేసి విడివిడిగా తేలుతున్నాయని చూపించాడు. 1953లో అమెరికాలో లీవర్ మరో మెట్టు ఎక్కాడు. పైచర్మంలోనే పొక్కు వస్తే పెంఫిగస్, పైచర్మం అడుగున వస్తే అది వేరే జబ్బు అని తేల్చి, రెండోదానికి పెంఫిగాయిడ్ అని పేరుపెట్టాడు. దాంతో మన ప్రశ్నకు సగం జవాబు దొరికింది. పెంఫిగాయిడ్ ఎక్కువగా డెబ్బై దాటిన వృద్ధులకు వస్తుంది. పెంఫిగస్ నడివయసు వారిని పడుతుంది. అందులోనూ మన దేశంలో ఐరోపా కంటే చిన్న వయసులోనే కనిపిస్తుంది. ఇంటి భారం మోసే వయసు అది.

మిగతా సగం 1964లో తెలిసింది. అమెరికాలో బ్యూట్నర్, జోర్డన్ అనే ఇద్దరు రోగుల రక్తంలో, సొంత చర్మం మీదే దాడిచేసే ప్రతిరక్షకాలను కనిపెట్టారు. గోడకు ఇటుకల మధ్య సున్నం ఎలాగో, చర్మకణాల మధ్య డెస్మోగ్లీన్ అనే మాంసకృత్తు అలాగ. ఇంటికి కాపలా పెట్టుకున్నవాడే ఆ సున్నం గీకేస్తున్నాడన్నమాట. బయటినుంచి వచ్చిన క్రిమి ఏదీ లేదు. క్రిమి లేనప్పుడు పళ్లెం వేరుపెట్టడం దేనికి?

మరి కొందరికే ఎందుకు? పుట్టుకతో వచ్చే కొన్ని కణగుర్తులు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. యూదులలో ఈ జబ్బు ఎక్కువని చాలాకాలంగా తెలుసు. కేరళలోని త్రిసూరు జిల్లాలో లెక్క తీస్తే, ఏడాదికి పది లక్షల మందికి 4.4 కొత్త కేసులని తేలింది. 1999లో ఆ వివరం అచ్చయింది. అయితే తల్లికి వస్తే బిడ్డకూ వచ్చి తీరుతుందని కాదు. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం బహు అరుదు. పెనిసిలమైన్ వంటి కొన్ని మందులు కూడా దీన్ని రేపగలవు.

బ్రెజిల్ పల్లెల కథ వేరు. అక్కడ దీనికి దగ్గరి చుట్టమైన జబ్బును ‘అడవి నిప్పు’ అంటారు. ఏటి ఒడ్డున ఉండే పొలం కూలీలకు, పిల్లలకు, యువతకు ఎక్కువ. నల్ల ఈగల కాటు దీనికి కారణం కావచ్చునని పరిశోధకుల అనుమానం.

1950కి ముందు ఈ జబ్బు వచ్చినవారిలో ఎక్కువమంది బతకలేదు. పచ్చిపుండ్ల గుండా ఒంట్లో నీరు పోయేది, చీము పట్టేది. కార్టిజోన్ జాతి మందులు వచ్చాక ఆ రోజులు పోయాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రీచా, నెలకోసారి మూడు రోజులు సెలైన్‌తో పెద్ద మోతాదు ఎక్కించే పద్ధతిని 1984లో ప్రచురించారు. మిగతా రోజులు రోగి ఇంట్లోనే ఉండవచ్చు. మన దేశంలో ఎందరినో నిలబెట్టిన పద్ధతి అది. స్టెరాయిడ్ తగ్గించడానికి తోడుగా ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి 1923లో అమెరికా వెళ్లిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం కృషి ఫలం ఆ మందు. 2018లో అమెరికా ప్రభుత్వం రిటుక్సిమాబ్ ఇంజెక్షన్‌ను దీనికి ఆమోదించింది.

ఈనాడు ప్రాణగండం ఎక్కువగా ఎవరికంటే, నోటిపుళ్లను నెలల తరబడి పట్టించుకోని వారికి, పొక్కులు ఎండగానే తమంతట తాము మాత్రలు మానేసేవారికి. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తట్టుకోలేదు. వాడుతున్నప్పుడు మధుమేహం, ఎముకల బలహీనత కూడా చూసుకోవాలి. నోటిపూత రెండు మూడు వారాల్లో మానకపోతే పెద్దాసుపత్రి చర్మవైద్యుణ్ణి అడగండి. చిన్నముక్క తీసి పరీక్షిస్తారు.

పెరంబూరు ఇల్లాలికీ ఆ పరీక్షతోనే తేలింది. ఏడాదికి పుళ్లు మానాయి. పళ్లెం మాత్రం వంటింట్లోకి రావడానికి ఇంకొంత కాలం పట్టింది.