జంటగొట్టపు తుపాకికి ముందుకొయ్య: జీర్ణోద్ధారణ విచారము

దేవాలయము శిథిలమైనచో మూలమును కదల్పక, చెడిన యంగమును మాత్రము మార్చుట మన పెద్దల సంప్రదాయము. దీనినే జీర్ణోద్ధారణమందురు. పూర్వుల నుండి సంక్రమించిన జంటగొట్టపు తుపాకికిని ఈ న్యాయమే వర్తించునని మా యభిప్రాయము. మైపాడు వంటి కడలితీరమున ఉప్పుగాలికి ఇనుము త్రుప్పుపట్టును, కొయ్య ఉబ్బి బీటలు వారును. అందును ముందు చెడునది, గొట్టముల క్రింద ఎడమచేత పట్టుకొను ఫోరెండు అను ముందుకొయ్య.

వెనుకనుండి తూటా దూర్చు ఫ్రెంచి తుపాకి 1851లో లండను మహాప్రదర్శనమున ఆంగ్లేయుల దృష్టి నాకర్షించెను. ముందుకొయ్య కొనయందలి మీటను నొక్కినంతనే ఊడివచ్చునట్టి అమరికకు 1872లో యాన్సన్, అడుగుననుండు కొక్కెమునకు 1873లో డీలీ, ఎడ్జ్ పేటెంట్లు పొందిరి. 1875లో బర్మింగ్‌హాము వెస్ట్‌లీ రిచర్డ్స్ సంస్థకు చెందిన యాన్సన్, డీలీ సుత్తులు లోపలనే ఇమిడియుండు తుపాకిని రూపొందించిరి. అందు గొట్టములను వంచునపుడు ముందుకొయ్యయే మీటలను త్రొక్కి లోపలి సుత్తులను ఎక్కుపెట్టును. కావున నది అలంకారము గాదు, యంత్రాంగమే.

ఇక ఎన్నిక విషయము. ముందుకొయ్యలో దారువు వేరు, దానిలో నిమిడిన ఇనుము వేరు. ఇనుము చెక్కుచెదరకున్నచో దానిని విడువరాదు. దారువును మాత్రమే మార్పవలయును. పలు తుపాకులలో గొట్టములపైనను, యంత్రముపైనను, ఈ యినుముపైనను ఒకే సంఖ్య యుండును. అది యా మూడింటి గోత్రము. వేరొక తుపాకినుండి తెచ్చిన ముందుకొయ్య, ఒకే తయారీదారునిదైనను, చేతితో ఆకురాయి పట్టి చేసినదగుటచే నేరుగా కుదరదు. వదులైనచో కీలు కదలును. బలవంతముగా దిగగొట్టినచో అరిగి చెడును.

దారువు వెనుకదిమ్మతో సజాతీయమై యుండవలయును. కాశ్మీరమునందును పెరుగు అక్రోటు ఇందులకు ప్రశస్తము: బరువు తక్కువ, బలము మిక్కుటము. బాగుగా ఆరినదై, నార నిడుపుగా సాగినదై యుండవలెను. పూర్వము సన్నని రూపమున్నచో వెడల్పైనది తగిలించుట తగదు, తూకము మారును. అమర్చునపుడు ఇనుమునకు దీపపుమసి పూసి నొక్కవలెను. మసి అంటినచోట మాత్రమే చెక్కవలెను. తుదకు అవిసెనూనెను వెలుపలనేగాక లోపలి తొలుపులకును పట్టించినగాని సముద్రపు తేమ ఆగదు.

ఈ పని ఇంట చేయదగినది గాదు. 1878 నాటి ఆయుధచట్టము పోయి 1959 నాటి చట్టము వచ్చెను. దాని ప్రకారము తుపాకి భాగములును తుపాకియే. మరమ్మతు చేయువాడును లైసెన్సు గలవాడై యుండవలయును. 2019 సవరణచే సామాన్యముగా ఒకరికి రెండింటికి మించి యుండరాదు. వారసత్వముగా వచ్చినదియు ఈ లెక్కలోనిదే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత వేట వినోదము గాదు, అపరాధము. నేలపట్టు, పులికాటు పక్షులు నేడు రక్షితములు. కావున పూర్వుల తుపాకి నేడు చంపుటకు గాదు, చరిత్ర చెప్పుటకే. క్రొత్త కొయ్యపై మోహమున పాత యినుమును పారవైచినచో ఆ చరిత్ర నోరు మూయబడును. మన యువజనులు మూలమును నిలుపుకొని, చెడినదానిని మాత్రము బాగుచేయించుకొందురు గాక.