తుడిచే హక్కు ఎవరిది?

"చదవడానికి మాత్రమే" అని గుర్తు పెట్టిన ఫైలును ఎవరూ తుడిచెయ్యలేరని చాలామంది నమ్మకం. లెక్కల ఉద్యోగం చేసే రోజుల్లో నేనూ అలాగే నమ్మాను. అందరూ వాడే యూనిక్స్ డైరెక్టరీలో అలా భద్రపరిచిన నా ఫైలు ఒకరోజు మాయమైంది. అది దెయ్యం పనీ కాదు, యంత్రం తప్పూ కాదు.

1969లో అమెరికాలోని బెల్ లేబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్స్ మొదలుపెట్టారు. అందులో డైరెక్టరీ కూడా ఒక ఫైలే. దాన్లో ఉండేవి పేర్లు, ఒక్కో పేరు పక్కన 'ఐనోడ్' సంఖ్య. లెడ్జరు ముందుండే ఇండెక్సు పేజీ లాంటిదన్నమాట. ఫైలు తుడవడమంటే ఆ ఇండెక్సులో పేరు కొట్టెయ్యడమే. అందుకే ఆ పనికి 'అన్‌లింక్' అని పేరు పెట్టారు. కొట్టివేత ఇండెక్సులో జరుగుతుంది కనుక డైరెక్టరీలో ప్రవేశించే, రాసే అనుమతులుంటే చాలు. ఫైలు మీది అనుమతులను కెర్నెల్ అడగదు.

మరి 'ఆర్ఎం' కమాండు "రాత రక్షణ ఉంది, తీసెయ్యమంటారా?" అని అడుగుతుంది కదా అంటారా? అది ఆ ప్రోగ్రాము చూపే మర్యాద మాత్రమే. 'ఎఫ్' జోడిస్తే అదీ అడగదు. మన భ్రమ ఇక్కడే బలపడుతుంది.

ఈ సూత్రం వల్ల, అందరూ రాసే 'టెంప్' డైరెక్టరీలో ఒకరి ఫైలును మరొకరు తుడిచెయ్యగలిగేవారు. ప్రోగ్రాములను స్వాప్‌లో అట్టిపెట్టడానికి 1970లలో పుట్టిన 'స్టికీ బిట్'కు 1986లో 4.3 బీఎస్‌డీ కొత్త పని అప్పగించింది. అది ఉన్న డైరెక్టరీలో ఫైలు యజమాని, డైరెక్టరీ యజమాని, సూపర్ యూజర్ మాత్రమే తుడవగలరు.

2023లో ఢిల్లీలో రక్షణ మంత్రిత్వ శాఖ తన కంప్యూటర్లకు ఉబుంటు ఆధారిత 'మాయా'ను ఎంచుకుంది. ఉబుంటు లైనక్సే కనుక అక్కడా ఇదే సూత్రం.

డైరెక్టరీకి తాళం వేస్తే సరిపోతుందా? అదీ చాలదు. ఫైలులో రాసే అనుమతి ఉన్నవాడు లోపలి అంకెలన్నీ ఖాళీ చెయ్యగలడు. పేరు మిగులుతుంది, లెక్క పోతుంది. ఇండెక్సునూ, పేజీనీ విడివిడిగా కాపాడుకోవాలి.

నా మాట నమ్మకండి. మామూలు యూజర్‌గా మీ సొంత డైరెక్టరీలో ఒక ఉత్త ఫైలు సృష్టించి, దానికి 444 అనుమతి ఇచ్చి, తుడిచి చూడండి. ఆ తర్వాత డైరెక్టరీకి 555 ఇచ్చి, మరో ఫైలుతో ప్రయత్నించండి. రెండు నిమిషాల పరీక్ష, ఇరవై ఏళ్ళ నమ్మకం కన్నా మేలు.